కుక్క వైద్యానికి అంత ఖర్చా? ధర్మరాజు ఇచ్చిన జవాబు



పెంచుకుంటున్న కుక్కకి జబ్బు చేసింది. రక్తపరీక్ష, స్కానింగ్, నాలుగు రోజులు సెలైన్ అన్నారు డాక్టర్ గారు. లెక్కేస్తే నెల జీతంలో సగం. ఇంట్లో పెద్దవాళ్ళేమో "కుక్కకి అంత డబ్బా?" అంటారు. ఒకపక్క ఈఎంఐ, ఇంకోపక్క మన వంకే చూసే ఆ కళ్ళు. ఇక్కడ ధర్మం ఏది?

మహాభారతంలో కుక్క రెండు ముఖ్యమైన చోట్ల కనిపిస్తుంది. ఆదిపర్వం మొదట్లో, ఏ తప్పూ చేయని సరమ కొడుకుని జనమేజయుడి తమ్ముళ్ళు కొడతారు. ఆ తల్లి కుక్క రాజునే నిలదీసి, అనుకోని భయం వచ్చిపడుతుందని శపిస్తుంది. ఇక మహాప్రస్థానిక పర్వంలో, ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది కుక్క ఒక్కటే. దాన్ని వదిలేసి రథం ఎక్కమంటాడు ఇంద్రుడు. ధర్మరాజు ఒప్పుకోడు.

ఈ కథ మనందరికీ తెలుసు. కానీ మధ్యలో ఇంద్రుడు వేసిన ప్రశ్న ఒకటుంది. "తమ్ముళ్ళని, ద్రౌపదిని దారిలో వదిలేశావు కదా, కుక్కని వదలడానికేం?" అని. దానికి ధర్మరాజు చెప్పిందేమిటంటే: చనిపోయినవాళ్ళని బతికించడం నా చేతిలో లేదు, బతికుండగా మాత్రం వాళ్ళని వదల్లేదు.

మన ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. చేతిలో లేనిది చేయలేకపోవడం పాపం కాదు. ఆశ్రయించి వచ్చినదాన్ని బతికుండగా వదిలేయడం పాపం.

కాబట్టి అమ్మానాన్నల మందులు ఆపి, వడ్డీకి అప్పు తెచ్చి లక్షలు పెట్టమని ధర్మం అడగదు. అలాగని "స్తోమత లేదు" అనే మాట నిజాయితీగా అనాలి. బ్రీడ్ చూసి వేలు పోసి పిల్లని కొన్నప్పుడు అడ్డురాని లెక్క, జబ్బు చేసినప్పుడే గుర్తొస్తే అది స్తోమత సమస్య కాదు. జబ్బు కుక్కని ఊరి చివర వదిలి రావడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కూడా నేరమే. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. చట్టానికి అది చిన్న తప్పు కావచ్చు, ధర్మరాజుకి మాత్రం స్వర్గం వదులుకునేంత పెద్దది.

మరి ఏం చేయాలి? ముందు డాక్టర్ గారితో సిగ్గుపడకుండా చెప్పండి: "నా దగ్గర ఇంతే ఉంది, వీటిలో ముందు ఏది అవసరం?" హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్, తిరుపతిలో వెటర్నరీ కాలేజీలున్నాయి. ఖర్చుకి భయపడి మనం వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం వేయకండి, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కకి విషం. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టే పార్వో టీకాల ఖర్చు, పార్వో వచ్చాక ఆసుపత్రిలో అయ్యే ఖర్చు ముందు చాలా తక్కువ. వెంకన్నకి ముడుపు కట్టినట్టే, నెలనెలా దాని పేరున కొంత పక్కన పెట్టండి.

అన్నీ చేసినా ఒక్కోసారి బతకదు. అప్పుడు నొప్పి తగ్గే మందు అడిగి వేయించండి, పక్కన కూర్చోండి, తల నిమరండి. దానికి బిల్లు ఉండదు. ఆ కుక్క ధర్మరాజుని అడిగింది కూడా అంతే కదా, తోడు.

శుభం.