ఏశావు వకాల్తా

ఏశావు నాకు వకాల్తా ఇచ్చి ఉంటే జ్యేష్ఠత్వం కేసు సులువుగానే గెలిచేదాన్ని. గుంటూరు కోర్టుల్లో నా ప్రాక్టీసంతా పార్టిషన్ సూట్లతోనే గడిచింది. అన్నదమ్ముల తగాదాలో ఎవరు ఏం దాస్తున్నారో మొదటి పేజీలోనే వాసన తగులుతుంది. ఆదికాండం 25వ అధ్యాయం తీసినప్పుడల్లా నాకు అదే వాసన.

తండ్రి ఇస్సాకు బతికే ఉన్నాడు. మందలు, దాసులు, గుడారాలు అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. ఎప్పుడో రాబోయే వాటాను పెద్దకొడుకు ఏశావు ఇవాళే తమ్ముడు యాకోబుకు అమ్మేశాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 6(ఎ) దీన్ని ఒప్పుకోదు. తండ్రి తర్వాత నాకు వస్తుందన్న ఆశ అమ్మకానికి పెట్టే ఆస్తి కాదు. ఇక ప్రతిఫలం చూద్దామా అంటే రొట్టె, చిక్కుడుకాయల వంటకం. ప్రతిఫలం చాలలేదన్న ఒక్క కారణంతో ఒప్పందం రద్దు కాదు. కానీ సమ్మతి మనస్ఫూర్తిగా ఇచ్చిందేనా అని జడ్జి తప్పకుండా అడుగుతారు.

మన చట్టంతో ఆ కాలాన్ని కొలవడం అన్యాయమే, ఒప్పుకుంటాను. ఇరాక్‌లో కిర్కుక్ దగ్గర నూజీ తవ్వకాల్లో బయటపడిన ఒక మట్టి పలక మీద, తుప్కితిల్లా అనే ఆయన తన వాటాకు వచ్చే తోటను సోదరుడు కుర్పజాకు మూడు గొర్రెలకు వదులుకున్నట్టు రాసి ఉంది. అంటే ఆ పక్క దేశాల్లో ఇలాంటి బేరాలు జరిగేవి. మూడు గొర్రెలైతే కనీసం ఈనుతాయి. ఏశావుకు తెల్లారేసరికి ఏం మిగిలింది?

మా చర్చిలో ఈ భాగం మీద విన్న ప్రసంగాలన్నీ ఏశావును తిట్టేవే. కొత్త నిబంధనలో హెబ్రీ పత్రిక రాసినాయన కూడా అతన్ని వదల్లేదు. అతడు జ్యేష్ఠత్వాన్ని తృణీకరించాడని ఆదికాండమే తేల్చి చెప్పింది, కాదనను. అయితే అలసిపోయి అడవి నుంచి వచ్చిన అన్నకు, ముందు ప్రమాణం చేస్తేనే వడ్డిస్తానన్న తమ్ముడి మీద ఒక్క ప్రసంగమైనా వినాలని నా కోరిక. ఇంతవరకూ తీరలేదు.

అసలు కేసు 27వ అధ్యాయంలో ఉంది. ఇస్సాకుకు చూపు పోయింది. వేటమాంసం తెచ్చిపెడితే దీవిస్తానని పెద్దకొడుక్కి చెప్పాడు. చాటున విన్న తల్లి రిబ్కా రెండు మేకపిల్లల్ని తెప్పించి వండింది. వాటి తోళ్లు చిన్నకొడుకు చేతులకూ మెడకూ చుట్టి, ఏశావు బట్టలు తొడిగి పంపింది. ఇక్కడ యాకోబు వేసిన ప్రశ్న చూడండి. ఇది తప్పు కదా అని అడగలేదు. నాన్న తడిమి చూస్తే దొరికిపోతాను, దీవెనకు బదులు శాపం తగులుతుంది అన్నాడు. ఆ శాపమేదో నా మీదికే రానీ అంది తల్లి. తండ్రి ఇంత త్వరగా వేట ఎలా దొరికిందని అడిగితే, దేవుడే దొరికేలా చేశాడని జవాబు. అబద్ధంలోకి దేవుణ్ణి కూడా సాక్షిగా లాగాడు.

ఇస్సాకు అనుమానపడ్డాడు కూడా. చెవి నిజం చెప్పింది, చెయ్యి అబద్ధం చెప్పింది, ఆయన చేతినే నమ్మాడు. మోసంతో రాయించుకున్న వీలునామా చెల్లదని 1925 భారత వారసత్వ చట్టం సెక్షన్ 61 చెబుతుంది. ఏశావు వచ్చాక ఇస్సాకు గడగడ వణికాడు గానీ ఇచ్చిన దీవెనను వెనక్కి తీసుకోలేదు. ఏశావు గొంతెత్తి ఏడ్చి, నీ దగ్గర ఉన్నది ఒక్క దీవెనేనా నాన్నా అని అడిగాడు. నా దగ్గరికి వచ్చే కక్షిదారులు ఎకరాలు, సెంట్లు, ప్రహరీ గోడల గురించి మాట్లాడతారు. కాసేపు ఊరుకుని వింటే చివరికి వాళ్లు అడిగేదీ ఇదే.

రిబ్కా తరఫున వాదించేవాళ్లకు ఒక గట్టి ఆధారం ఉంది. కవలలు కడుపులో ఉన్నప్పుడే పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడని దేవుడు ఆమెకు చెప్పాడు. కాబట్టి ఆమె దేవుని చిత్తాన్నే నెరవేర్చిందట. దేవుడు ముందే నిర్ణయించిన దానికి మేకతోళ్ల సాయం ఎందుకు? ఆ మాట ఆమె భర్తతో ఎప్పుడైనా చెప్పిందా? చెప్పినట్టు ఎక్కడా లేదు. అన్న కోపం చల్లారేదాకా కొన్నాళ్లేగా అని కొడుకును హారానుకు పంపింది. ఆ కొన్నాళ్లు 20 ఏళ్లయ్యాయి. తల్లీకొడుకులు మళ్లీ కలుసుకున్నట్టు గ్రంథంలో లేదు. ఆమె దాది దెబోరా చనిపోయిన సంగతి రాశారు గానీ రిబ్కా మరణం గురించి ఒక్క ముక్క లేదు. మక్పేలా గుహలో పాతిపెట్టారని చాలా తర్వాత యాకోబు నోటనే తెలుస్తుంది.

యాకోబుకు తగిన శాస్తి జరిగిందంటారు. మేనమామ లాబాను పెళ్లి రాత్రి రాహేలుకు బదులు ఆమె అక్క లేయాను పంపాడు. పెద్దదాన్ని కాదని చిన్నదాన్ని ముందు ఇవ్వడం మా దగ్గర లేదని సమర్థించుకున్నాడు. తర్వాత సొంత కొడుకులే తమ్ముడు యోసేపు అంగీని మేక రక్తంలో ముంచి, అతడు చనిపోయాడని తండ్రిని నమ్మించారు. కథగా బాగానే అమరింది, న్యాయంగా నాకు తృప్తినివ్వలేదు. ఆ శాస్తి బరువు మోసింది ఏ పాపం ఎరగని లేయా, యోసేపు. ఏశావుకు దానివల్ల ఒరిగిందేమిటి?

ఏశావుకు ఏదైనా దక్కింది 32, 33 అధ్యాయాల్లోనే. యాకోబు ముందుగా పంపిన కానుకను షెడ్యూలులా చదువుతాను: 200 మేకలు, 20 మేకపోతులు, 200 గొర్రెలు, 20 పొట్టేళ్లు, పిల్లలతో సహా 30 పాడి ఒంటెలు, 40 ఆవులు, 10 ఆబోతులు, 20 ఆడగాడిదలు, 10 గాడిదపిల్లలు. ఒంటె పిల్లల్ని వదిలేస్తే 550. అన్న 400 మందితో వస్తున్నాడన్న భయంతోనే పంపాడు, దాపరికం లేదు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. నేను చూసిన రాజీల్లో సగం భయంతో కుదిరినవే.

ఆ రాత్రి యబ్బోకు రేవులో ఒకడు తెల్లవారేదాకా యాకోబుతో పెనుగులాడాడు. దీవించందే వదలనని పట్టుబట్టి యాకోబు కొత్త పేరుతో పాటు మరో దీవెన సంపాదించాడు. అయినా అన్న బాకీ తీరలేదు. పొద్దెక్కాక, ఆ పెనుగులాట దెబ్బకు కుంటుకుంటూ అన్నకు ఎదురువెళ్లి ఏడుసార్లు సాగిలపడ్డాడు. ఏశావును ప్రభువని, తనను దాసుడని చెప్పుకున్నాడు. దొంగిలించిన దీవెనలో సోదరులు నీకు సాగిలపడతారన్న మాట ఉంది. ఆ మాటను యాకోబే తన ఒంటితో తిరగరాశాడు. దేవుడు ఏర్పరచుకున్నాడా లేదా అన్నది ఒక లెక్క, అన్నకు చేసిన అన్యాయం ఇంకో లెక్క. మొదటిది రెండోదాన్ని కొట్టేయలేదు.

ఏశావు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుని ఏడ్చాడు. ఎందుకు క్షమించాడో గ్రంథం చెప్పదు. నాకు కావలసినంత ఉంది, నీది నీ దగ్గరే ఉంచుకో అన్నాడు. బలవంతం చేస్తేనే తీసుకున్నాడు. వారసత్వం పంచమని తమ్ముడో అన్నో వచ్చి అడిగితే, పంపకాల పెద్దగా కూర్చోవడం తన పని కాదన్నాడు సువార్తలో యేసు ప్రభువు. ఏశావులాంటి కక్షిదారులే దొరికితే నాకూ ఆ పని ఉండేది కాదు.

యాకోబు పూర్తిగా మారిపోయాడనుకోవద్దు. నెమ్మదిగా వెనకే శేయీరుకు వస్తానని అన్నను సాగనంపి, తాను సుక్కోతుకు పోయి ఇల్లు కట్టుకున్నాడు.

ఇద్దరూ మళ్లీ కనిపించేది 180 ఏళ్లకు పోయిన తండ్రిని పాతిపెట్టేటప్పుడు. దస్తావేజుల్లో పేర్ల వరస చూడడం నాకు అలవాటు. అబ్రాహామును పాతిపెట్టినప్పుడు వాగ్దానపు కొడుకు ఇస్సాకు పేరు ముందు, పెద్దవాడు ఇష్మాయేలు పేరు తర్వాత. ఇక్కడ మాత్రం ఏశావు ముందు, యాకోబు తర్వాత. ఆ వెంటనే, ఇద్దరి పశువులకూ నేల చాలక ఏశావే కొండసీమకు తరలిపోయాడని రాశారు. జ్యేష్ఠుడికి రావలసిన రెండింతల వాటా ఎవరు తీసుకున్నారో ఎక్కడా లేదు. ఎవరైనా అడిగినట్టూ లేదు.