గిజిగాడి గూటి కింద పాఠం

నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి వైపు తెలుగు ఇళ్లు చాలానే ఉన్నాయి. వాటిలోని క్రైస్తవ తల్లిదండ్రులకు ఈ ఉదయం ఒక మాట. కొండమీది ప్రసంగంలో యేసు పక్షులను చూడమన్నాడు, అడవి పూలను గమనించమన్నాడు. మనం మాత్రం పిల్లల చేత వాక్యాలు కంఠస్థం చేయించి ఊరుకుంటున్నాం.

వానాకాలంలో గోదావరి గట్టున గిజిగాడి గూళ్లు చూపించండి. మగపిట్ట గడ్డిపోచలు చీల్చి సగం గూడు అల్లుతుంది. ఆడపిట్టకు నచ్చితేనే మిగతాది పూర్తవుతుంది. ఎవరు నేర్పారని పిల్లవాడు అడుగుతాడు. ‘దేవుడే’ అని అక్కడితో ఆపేయకండి. ముక్కుతో ముడి ఎలా వేస్తుందో వాడితో కలిసి చూడండి. ఎంత వివరంగా చూస్తే స్తుతి అంత నిండుగా వస్తుందని నా నమ్మకం.

మన చేలలోని నల్లరేగడి సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా రాయి అరిగి ఏర్పడిన మట్టి. ఆ లెక్క విని విశ్వాసం బెదరనక్కర్లేదు. బైబిల్ అనువాదాలకు జీవితం ధారపోసిన విలియం కేరీ మొక్కలనూ అంతే ప్రేమగా చదివాడు. 1820లో వ్యవసాయ, ఉద్యాన సంఘం స్థాపించాడు.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక పిల్లల చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఏటి గట్టుకు తీసుకెళ్లండి.