పంటను దేనితో కొలవాలి?

భూగోళశాస్త్రంలో వ్యవసాయ రకాల పాఠం ఉంటుంది. మనలో చాలామంది ఉపాధ్యాయులం దాన్ని చదివాం, చెబుతున్నాం. ఆ పాఠంలో మొదట వచ్చేది ‘ఆదిమ జీవనాధార వ్యవసాయం’. దాని కింద ఉదాహరణల వరుస ఉంటుంది: ఈశాన్య రాష్ట్రాల్లో ఝూమ్, మధ్యప్రదేశ్‌లో బేవార్, పడమటి కనుమల్లో కుమరి, మెక్సికోలో మిల్పా, ఇండోనేషియాలో లదాంగ్, ఆంధ్రప్రదేశ్‌లో పోడు. తర్వాత స్థిర వ్యవసాయం, సాంద్ర వ్యవసాయం వస్తాయి. చివర్లో ట్రాక్టర్ బొమ్మతో వాణిజ్య వ్యవసాయం వస్తుంది.

ఈ వరుస చూడ్డానికి నిచ్చెనలా ఉంటుంది. పుస్తకం ఎక్కడా ‘మీ తాత కింది మెట్టు మీద ఉన్నాడు’ అని రాయదు. కానీ పోడు చేసిన ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ఆ మాట ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. అందుకే ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది భూగోళశాస్త్రం ప్రశ్న మాత్రమే కాదు, న్యాయం ప్రశ్న కూడా. ఒక వ్యవసాయం ముందుందనీ మరొకటి వెనకబడిందనీ చెప్పాలంటే ఒక కొలత ఉండాలి. ఆ కొలత ఏది? అదొక్కటే కొలతా?

పుస్తకం కొలత ఎకరానికి దిగుబడి. ఆ కొలతతో చూస్తే కొండవాలు మీది చోడి, గోదావరి డెల్టా వరి ముందు నిలవదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. కానీ ఈ కొలత భూమి కరువైన చోట పుట్టింది. భూమి తక్కువ, మనుషులు ఎక్కువ ఉన్నచోట ఎకరం విలువైనది కాబట్టి ఎకరాన్నే కొలుస్తారు. భూమి ఎక్కువ, మనుషులు తక్కువ ఉన్నచోట మనిషి కష్టం విలువైనది. అక్కడ కొలవాల్సింది పడిన కష్టానికి ఎంత తిండి వచ్చిందని. ఎస్తర్ బోసరప్ అనే డెన్మార్క్ ఆర్థికవేత్త 1965లో రాసిన పుస్తకంలో ఈ సంగతే వివరించింది. భూమికి ఎక్కువ ఏళ్లు విశ్రాంతి ఇచ్చే సేద్యంలో గంట పనికి వచ్చే ఫలం ఎక్కువ. జనం పెరిగేకొద్దీ విశ్రాంతి తగ్గుతుంది. నాగలి, ఎరువు, కలుపు తీత వస్తాయి. ఎకరం దిగుబడి పెరుగుతుంది, మనిషి పని అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. అంటే జనం తెలివి తక్కువై పోడు చేయలేదు. ఉన్న పరిస్థితికి సరిపోయే పద్ధతి ఎంచుకున్నారు. ఫిన్లాండ్, స్వీడన్ రైతులు కూడా 19వ శతాబ్దం దాకా అడవి కొట్టి, కాల్చి, బూడిదలో రై గింజలు చల్లినవాళ్లే. పోడు ఒక జాతి గుణం కాదు.

పోడు ఎలా పనిచేస్తుందో మన పిల్లల్లోనే ఇప్పుడు చాలామందికి తెలియదు. మాఘ, ఫాల్గుణాల్లో వాలు మీద తుప్పలు కొడతారు. ఇప్ప, మామిడి, చింత, జీలుగు చెట్లను ముట్టుకోరు. కొట్టినవి ఎండాక వానలకు ముందు కాలుస్తారు. బూడిద నేలకు పొటాష్ ఇస్తుంది, పులుపు తగ్గిస్తుంది. తొలకరికి చోడి, సామ, కొర్ర, జొన్న, కంది, అలసంద, చిక్కుడు, ఆముదం కలిపి విత్తుతారు. ఇవన్నీ ఒకేసారి కోతకు రావు. సామ ముందు, తర్వాత కొర్ర, చోడి, చివర్లో పుష్యమాసానికి కంది. ఒక వాన తప్పితే ఒక పంట పోతుంది, అన్నీ పోవు. హెరాల్డ్ కాంక్లిన్ అనే పరిశోధకుడు ఫిలిప్పీన్స్‌లోని హనునో ప్రజల పోడు గురించి 1957లో రాశాడు. వాళ్ల ఒక్క చేనులోనే 40కి పైగా రకాల పంటలు ఉండేవని లెక్క చూపించాడు. ఇన్ని మొక్కల అవసరాలు తెలిసి, వేటి పక్కన ఏది వేయాలో ఎంచుకునే పనిని ‘ఆదిమ’ అనే మాటలో ఇమడ్చలేం.

మన పెద్దలకు కూడా కొలతలు ఉండేవి. పొలాన్ని సెంట్లలో చెప్పుకోలేదు. ఎన్ని కుంచాల విత్తనం పడుతుందో చెప్పుకున్నారు. పంటను బస్తాల్లో కాకుండా నెలల్లో లెక్క వేసుకునేవాళ్లు. ‘ఈసారి పంట ఎన్ని నెలలు గడుస్తుంది?’ అన్నదే వాళ్ల ప్రశ్న. ఇది చిన్న తేడా కాదు. బస్తా కొలత సంత వైపు చూస్తుంది. నెల కొలత పొయ్యి వైపు చూస్తుంది.

కొత్త పండుగ సంగతి కూడా చూడండి. కొర్రకొత్త, కందికొత్త, మామిడికొత్త అయ్యేదాకా కొత్త పంట నోట పెట్టకూడదు. దేవతకు పెట్టాలి, ఊరంతా కలిసి మొదలుపెట్టాలి. దీన్ని మూఢనమ్మకం అనేవాళ్లు ఉన్నారు. ఫలితం చూస్తే వేరేలా కనిపిస్తుంది. పచ్చి గింజ కోసుకోవడం ఆగుతుంది. విత్తనానికి కావలసిన గింజ ముదురుతుంది. ఎవరి చేను ముందు పండినా, తినడం ఊరంతా ఒకే రోజు మొదలుపెడుతుంది. తిండి విషయంలో ఆశను ఆపుకోవడం నేర్పే కట్టుబాటు ఇది. ఏ దిగుబడి పట్టికలోనూ దీనికి గడి లేదు.

ఇంతవరకు చదివి మనవాళ్లు సంతోషించి ఊరుకుంటే సరిపోదు. ‘పుస్తకం తప్పు, మన పోడే గొప్ప’ అనడం కూడా తొందరపాటే. పోడులో కొట్టడం, కాల్చడం సగం పని. వదిలిపెట్టడం మిగతా సగం. రెండు మూడేళ్లు పండించి, పదీ పన్నెండేళ్లు వదిలేస్తే అడవి తిరిగి లేస్తుంది. ఈ రెండో సగం ఇప్పుడు పోయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండలు రిజర్వు అడవులయ్యాయి. పోడు మీద ఆంక్షలు వచ్చాయి. 1922–24 మన్యం పోరాటానికి అదొక ముఖ్య కారణం. తర్వాత మాచ్‌కుండ్ లాంటి జలాశయాల కింద పల్లపు భూములు మునిగాయి. బయటివాళ్ల చేతుల్లోకి పోయినవి పోయాయి. మన జనమూ పెరిగింది. మిగిలిన కొద్ది వాలు మీదే ఏటా గింజ వేయాల్సి వచ్చింది. చాలాచోట్ల విశ్రాంతి మూడు నాలుగేళ్లకు పడిపోయింది. కొన్నిచోట్ల అసలే లేదు. అలాంటి చోట వాన మట్టిని గెడ్డలోకి తోసేస్తుంది. రాళ్లు తేలుతాయి. పెద్దలు చేసినదీ ఇదీ ఒకటే పేరుతో పిలుస్తున్నాం కానీ ఒకటి కాదు.

చట్టానికి కూడా ఇదే చూపు. 2006 అటవీ హక్కుల చట్టం మనకు పెద్ద ఆధారం, సందేహం లేదు. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికి, 4 హెక్టార్లకు మించకుండా, హక్కు ఇస్తుంది. కానీ విశ్రాంతికి వదిలిన భూమి కొలతకు వచ్చినవాళ్ల కంటికి ఖాళీగా కనిపిస్తుంది. దున్నినదే సాగు, వదిలినది సాగు కాదు అంటే, నేలకు విశ్రాంతి ఇచ్చిన కుటుంబం నష్టపోతుంది, ఇవ్వనిది పట్టా పొందుతుంది. ఊరుమ్మడి అటవీ వనరుల హక్కు కూడా అదే చట్టంలో ఉంది. గ్రామసభల్లో వ్యక్తిగత పట్టాల గురించి మాట్లాడినంతగా దాని గురించి మాట్లాడటం లేదు. యువకులు పట్టించుకోవాల్సిన విషయం ఇది.

ఇక పోడు వదిలి మనం చేరిన పంటల సంగతి. పాడేరు, అరకు, చింతపల్లి కొండల మీద సిల్వర్ ఓక్ నీడలో కాఫీ పెరుగుతోంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీ వల్ల వాలు మీద చెట్టు నిలిచింది, మట్టి నిలిచింది, పిల్లల చదువుకూ ఆసుపత్రికీ డబ్బు వచ్చింది. ఇది మంచే. కానీ కాఫీ తినే పంట కాదు. దాని ధర మన సంతలో పుట్టదు. అరబికా ధర న్యూయార్క్ మార్కెట్‌లో పలుకుతుంది. బ్రెజిల్‌లో మంచు పడితే పెరుగుతుంది, అక్కడ పంట బాగుంటే పడుతుంది. ఆదిలాబాద్ వైపు గోండు, కోలాం గూడేల్లో జొన్న చేలు పత్తి చేలయ్యాయి. అక్కడ విత్తనం కొనాలి, మందు కొనాలి, అప్పు తేవాలి. వాన తప్పితే పత్తి పోతుంది, అప్పు మాత్రం పోదు. పాత చేనులో వాన తప్పితే నష్టం పది పంటల మధ్య పంచుకుపోయేది. ఇప్పుడు ఒక్క పంట మీద, ఒక్క ఇంటి మీద పడుతోంది. డబ్బు కొలతలో ముందుకు వెళ్లాం, భరోసా కొలతలో వెనక్కి వచ్చాం. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

రేషన్ బియ్యం గురించి కూడా నిజాయితీగా మాట్లాడాలి. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా గాదె ఖాళీ అయ్యే రోజులుండేవి. మామిడి టెంక పిండి, జీలుగు పిండి జావ తాగి కడుపు నింపుకున్న తరం ఇంకా మన మధ్యనే ఉంది. 2013 ఆహార భద్రత చట్టం మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు హక్కుగా ఇచ్చింది. ఆకలి నెలలను దాటించిన ఆ బియ్యాన్ని చులకన చేసే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు. కానీ ఆ బియ్యం ఆకలితో పాటు చోడిని కూడా పక్కకు నెట్టింది. 100 గ్రాముల చోడిలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో 10 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. ఇప్పుడు అంబలి తాగుతామని చెప్పుకోవడానికి హాస్టల్ పిల్లలు సిగ్గుపడుతున్నారు.

‘మళ్లీ సామలు, కొర్రలు తినండి’ అని సభల్లో చెప్పడం సులువు. సామలు దంచే చేతులు ఎవరివి? తెల్లవారకముందే లేచి రోకలి పట్టినది మన అమ్మలు, అమ్మమ్మలు. ఇళ్లలో బియ్యం గెలవడానికి రుచి ఒక్కటే కారణం కాదు. ఆడవాళ్ల నడుముకు దొరికిన విశ్రాంతి కూడా కారణం. కాబట్టి చిరుధాన్యం తిరిగి రావాలంటే ముందు ఊరికి పొట్టు తీసే మర రావాలి. ఆడవాళ్ల కష్టం లెక్కలో వేయని ఏ కొలతనైనా, అది పుస్తకానిదైనా పెద్దలదైనా, సరైన కొలత అనలేను.

ఇంకో ప్రశ్న మిగిలింది. మన దేశం అడిగితే ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. నగరాల దుకాణాల్లో కొర్రలు, సామలు మంచి ధరకు అమ్ముతున్నారు. మొన్నటిదాకా వెనకబాటుతనం అన్న తిండి ఇప్పుడు ఆరోగ్యం అయింది. మంచిదే. దాంతోపాటు ‘ఆదివాసులు ఈ విత్తనాలను కాపాడాలి’ అనే మాట కూడా వినిపిస్తోంది. కాపాడటం ధర్మమే. కానీ అది ఒక్కరి ధర్మమా? విత్తనం అందరికీ అవసరమైతే దాన్ని నిలబెట్టే ఖర్చు కూడా అందరిదీ కావాలి. చోడి పండించిన ఇంటికి కాఫీ పండించిన ఇంటితో సమానంగా బతికే ధర రావాలి. మన పిల్లల హాస్టల్ కంచంలోకి మన కొండ చోడి ముందు రావాలి. అది లేకుండా ‘మీరు పాతపంటలే వేయండి’ అనడం మనల్ని మ్యూజియంలో నిలబెట్టడం లాంటిది.

కాబట్టి నా ఆలోచనలో ఏ పంటనైనా ఈ ప్రశ్నలతో కొలవాలి. పండించిన ఇంట్లోవాళ్లు తిన్నారా, ఎన్ని నెలలు తిన్నారు? ఆ పంట ఎవరి ఒళ్లు అరగదీసి వచ్చింది? కోసిన తర్వాత నేలలో, గాదెలో వచ్చే ఏటికి ఏమి మిగిలింది? ఏం వేయాలో నిర్ణయించినది ఇంటివాళ్లా, షావుకారా, కంపెనీయా? ఈ కొలత పెడితే పాత పోడు కొన్నిటిలో నెగ్గుతుంది, కొన్నిటిలో ఓడుతుంది. విశ్రాంతి లేని ఇప్పటి పోడు ఎక్కువగా ఓడుతుంది. కాఫీ కొన్ని నెగ్గుతుంది. ట్రాక్టర్ సేద్యం కూడా పరీక్షకు నిలబడాలి, దానికి మినహాయింపు లేదు. నిచ్చెన పోయి తక్కెడ వస్తుంది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ పాఠం వచ్చినప్పుడు పిల్లలను ఇంటికి ప్రశ్నలతో పంపండి. అమ్మమ్మ చేనులో ఎన్ని పంటలు ఉండేవి, ఇప్పుడు ఎన్ని? విత్తనం ఎక్కడ దాచేవాళ్లు? పంట ఎన్ని నెలలు గడిచేది, గడవని నెలల్లో ఏం తిన్నారు? వాళ్లు తెచ్చిన జవాబులను బల్ల మీద పుస్తకంలోని పట్టిక పక్కనే రాయండి. మనకు నచ్చే జవాబులూ నచ్చనివీ అన్నీ రాయండి.

డీఎస్సీకి చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇంకో మాట. పరీక్షలో అడిగితే పుస్తకంలో ఉన్నదే రాయండి, మార్కు పోగొట్టుకోనక్కర్లేదు. ఉద్యోగం వచ్చి రేపు తరగతిలో నిలబడ్డాక మాత్రం, ఆ మాట ఏ కొలతతో పుట్టిందో పిల్లలకు చెప్పండి. కొలత తెలిసిన పిల్ల సిగ్గుపడదు. గొప్పలకూ పోదు. తన ఇంటి చేనును తనే లెక్క వేసుకుంటుంది.