కోతిపిల్లా, పిల్లికూనా?

చిలుకూరు బాలాజీ గుడిలో హుండీ లేదు, వీఐపీ దర్శనమూ లేదు. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, తీరాక 108. లెక్క తప్పకుండా అంకెలు అచ్చేసిన చీటీ పట్టుకుని, ఒక్కో చుట్టుకి ఒక్కో అంకె కొట్టేసుకుంటూ తిరుగుతారు. హైదరాబాద్ శివార్లలోని ఈ స్వామికి వీసా బాలాజీ అన్న పేరు ఊరికే రాలేదు.

సెలవుకి ఇంటికొచ్చి, ఇక్కడుండగానే అమెరికాలో కంపెనీ మారదలచినవాడి మొక్కు మరీ చిత్రమైనది. వీసా ఉంది, అయినా అనుమతి మళ్లీ కావాలి!

హెచ్‌-1బి ఉద్యోగ వీసా ‘ట్రాన్స్‌ఫర్’ అని అందరూ అంటారు గానీ, నిజానికి బదిలీ అయ్యేదేమీ లేదు. కొత్త కంపెనీ తన పేరున కొత్త పిటిషన్ వేయాలి. ఏటా 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవారికి మరో 20,000 అనే కోటాలో ఒకసారి లెక్కకొచ్చినవాడికి, ఆ వీసాకున్న ఆరేళ్ల గడువు మిగిలుంటే, మళ్లీ లాటరీ బెడద ఉండదు. అమెరికాలో ఉన్నవాడైతే, 2000 నాటి చట్టం పుణ్యమా అని, పిటిషన్ దాఖలు కాగానే కొత్త కుర్చీలో కూర్చోవచ్చు. ఇండియాలో ఉన్నవాడికి ఆ వీలు లేదు. ఆమోదం వచ్చేదాకా ఎదురుచూపే.

ఈ ఎదురుచూపులో మనిషి చేయగలిగేదెంత? దేవుడి దయ విషయంలో ఇదే ప్రశ్న మీద శ్రీవైష్ణవంలోని రెండు శాఖల మధ్య పాత తగవు ఒకటుంది. వడగలై వారిది మర్కట కిశోర న్యాయం: తల్లి గెంతుతున్నా పిల్లకోతి తన పట్టు తాను వదలకూడదు. తెంగలై వారిది మార్జాల కిశోర న్యాయం: కూన చేసేదేమీ లేదు, తల్లిపిల్లే నోట కరచుకుని తీసుకుపోతుంది. వేదాంత దేశికులు, పిళ్లై లోకాచార్యులంతటి వారు చెరోవైపు నిలిచారు. భగవంతుడి దయకు జీవుడి వైపు నుంచి ఓ సాకు, వారి మాటల్లో వ్యాజం, కావాలంటారు దేశికులు. పదకొండు చుట్లూ అలాంటి వ్యాజమే అనుకుంటే చిలుకూరు మొక్కుని మూఢనమ్మకమని కొట్టిపారేయడం కష్టం. అది బేరం కాదు, పట్టు.

చిక్కంతా కాగితాల దగ్గరే. పిటిషన్ వేసేది కంపెనీ. ఐ-129 ఫారం మీద సంతకం కంపెనీదే, ఉద్యోగిది కాదు. అతను కేవలం లబ్ధిదారు, అచ్చం పిల్లికూన. కానీ తల్లిపిల్లి కూనని దారిలో వదిలేయదు. కంపెనీకి మనసు మారితే పిటిషన్ వెనక్కి తీసుకోగలదు. శరణాగతి కోరే అర్హత లేనివాడి చేతిలో శరణాగతి కోరేంత అధికారం పెట్టింది వీసా చట్టం. భక్తుణ్ణి ఎగతాళి చేసేవారు ఈ ఏర్పాటుని ఎందుకు ప్రశ్నించరో!

కూనకీ కాస్త పట్టు దొరికే చోటు ఒకటుంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు మిగిలుంటే, దాని మీద పాత కంపెనీ పేరున్నా సరే, కొత్త ఆమోదపత్రంతో విమానం ఎక్కవచ్చు. లేకుంటే మళ్లీ కాన్సులేట్ మెట్లెక్కాలి. పైగా 2025 సెప్టెంబర్ 21 నుంచి వేసే కొత్త పిటిషన్లకు, మనిషి అమెరికా బయట ఉండి చేతిలో చెల్లే హెచ్‌-1బి వీసా లేకపోతే, కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్న ఉత్తర్వు వచ్చింది. అంత సొమ్ము పోసి మనిషిని పిలిపించుకునే కంపెనీలు ఎన్ని ఉంటాయి?

అందుకే, సెలవులో ఉండగా ఉద్యోగం మారే ఆలోచన ఉన్నవారు చిలుకూరు బస్సు ఎక్కేముందు ఒకసారి పాస్‌పోర్టు తెరిచి స్టాంపు మీది తేదీ చూసుకోండి.