నేలకు ఆనిన నుదురు

మదీనాలో ముహమ్మద్ ప్రవక్త (స) కట్టించిన మసీదుకు తొలినాళ్లలో గట్టి పైకప్పే లేదు. పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మొద్దులే స్తంభాలు, పైన ఖర్జూరపు మట్టలు. ఒక రమజాన్‌లో రాత్రి వాన కురిసి కప్పు కారింది, నేలంతా బురదైంది. 21వ నాటి ఫజర్ (తెల్లవారుజాము) నమాజు ముగించి ప్రవక్త (స) ఇటు తిరిగేసరికి ఆయన నుదుటికీ ముక్కు కొసకూ తడిమట్టి అంటుకుని ఉంది. సహచరుడు అబూ సయీద్ ఖుద్రీ దాన్ని కళ్లారా చూసి చెప్పారు. బురద ఉందని సజ్దా, అంటే నుదురు నేలకు ఆనించడం, ఆగలేదు.

సజ్దాలో ఏడు అంగాలు నేలకు ఆనాలి: ముక్కుతో కలిపి నుదురు, రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వేళ్లు. మోచేతులు నేల మీద పరచకూడదు. అన్నిటికన్నా ముఖ్యం నిదానం. కాకి ముక్కుతో పొడిచినట్టు తల ఆనించీ ఆనించకుండా లేచిపోవడాన్ని ప్రవక్త (స) వారించారు. అయిదు పూటల ఫర్జ్ (తప్పనిసరి) నమాజుల్లో 17 రకాతులు (ఆవృత్తులు), రకాతుకు రెండు చొప్పున 34 సజ్దాలు. ఆఫీసు వేళకు పరుగెత్తేవాడికి ఈ నిదానమే కష్టం. తల అన్నిటికన్నా కిందికి దిగినప్పుడు నోరు అత్యున్నతుడైన ప్రభువును కొనియాడుతుంది. దాసుడు తన ప్రభువుకు మిక్కిలి దగ్గరగా ఉండేది ఆ స్థితిలోనే కాబట్టి అడగదలచుకున్నది అప్పుడే అడగమన్నారు.

మరి ఎక్కడ చేయాలి? శ్మశానాలు, స్నానాల గదులు మినహా భూమి అంతా తన సముదాయానికి మసీదేనని ప్రవక్త (స) చెప్పారు. పొలం గట్టున తువ్వాలు పరిచినా, రైలు ప్లాట్‌ఫారం మీద ఓ మూల నిలబడినా నమాజు నమాజే. అయితే మసీదుకు వెళ్లడం దేనికి? పక్కవాడి కోసం. ఒంటరి నమాజు కన్నా జమాఅత్‌తో, అంటే అందరితో కలిసి, చేసే నమాజుకు 27 రెట్లు పుణ్యం అన్నారు. వరుసలో ముందొచ్చినవాడిది ముందు చోటు. యజమాని ఆలస్యంగా వస్తే ముందు వరుసలో ఉన్న తన పనివాడి పాదాల వెనకే నుదురు ఆనించాలి.

ఆ మదీనా మసీదు స్థలం సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ పిల్లలది. ఊరికే ఇస్తామన్నా ప్రవక్త (స) ఒప్పుకోలేదు, వెల కట్టి కొన్నారు. మసీదు మినార్ల ఎత్తు గురించి చెప్పుకున్నంతగా మనం ఈ సంగతి చెప్పుకోం.

హైదరాబాద్ మక్కా మసీదుకు 1617లో ముహమ్మద్ కుతుబ్ షా పునాది వేస్తే, ఔరంగజేబు కాలంలో 1694 నాటికి పని పూర్తయింది. అంత పెద్ద కట్టడంలోనూ రమజాన్ శుక్రవారాల్లో చోటు చాలక వరుసలు ఆవరణలోకి వస్తాయి. ఎండాకాలమైతే రాతి నేల కాలిపోతుంటుంది, షామియానాలు వేయాల్సిందే. మదీనాలోనూ ఎండ మండినప్పుడు సహచరులు తమ వస్త్రం అంచును నేల మీద పరిచి దాని మీద నుదురు పెట్టేవారు.

కొందరి నుదుటి మీద సజ్దాల వల్ల నల్లని మచ్చ ఏర్పడుతుంది. ఖురాన్ ప్రస్తావించిన సజ్దా చిహ్నం ఈ చర్మపు మచ్చ కాదని, ముఖంలో కనిపించే అణకువేనని తొలితరం వ్యాఖ్యాతలు పలువురు వివరించారు. మచ్చను చూసి మనిషిని తూచేవారు ఆ వివరణ ఒకసారి చదవాలి.

మసీదులో పిల్లలు అల్లరి చేస్తే కసిరి వెనక్కి పంపే పెద్దలకూ ఒక మాట. ఒకనాడు ప్రవక్త (స) మనవణ్ని ఎత్తుకొచ్చి నమాజు మొదలుపెట్టారు. సజ్దా ఎంతకీ ముగియలేదు. వెనక ఉన్న ఒకాయన ఆదుర్దాగా తలెత్తి చూస్తే పిల్లవాడు తాతయ్య వీపు మీద కూర్చుని ఉన్నాడు. ఏమైనా జరిగిందా, దైవవాణి ఏదైనా వచ్చిందా అని నమాజయ్యాక జనం అడిగారు. అదేమీ కాదు, పిల్లవాడు వీపెక్కాడు, వాడి సరదా తీరకముందే దించడం ఇష్టంలేకపోయింది అన్నారాయన.