పేరు మారితే పాపం మారుతుందా?

ఇంటి ప్లాను అనుమతి కోసం ఆఫీసుకు వెళ్తాం. ఫైలులో రెండు నోట్లు పెడతాం. దాన్ని లంచం అనం. ‘మామూలు’ అంటాం, ‘చాయ్ ఖర్చు’ అంటాం. ‘అందరూ ఇస్తున్నదే కదా’ అని మనసుకు సర్దిచెప్పుకుంటాం.

జకాత్ వసూలుకు వెళ్లి వచ్చిన ఇబ్ను లుత్‌బియ్యా కొంత సొమ్ము అప్పగించి, మిగతాది తనకు కానుకగా వచ్చిందన్నాడు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (స) నిలదీశారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఈ సంఘటన ఉంది.

ఈ ప్రశ్న ఇచ్చేవాడికీ వర్తిస్తుంది. ఆ గుమాస్తా ఆ కుర్చీలో లేకుంటే అతనికి మనం చాయ్ డబ్బులిస్తామా?

‘తప్పనిసరై ఇచ్చాం’ అంటారు కొందరు. వేరే దారి లేక, న్యాయమైన తన హక్కు కోసం ఇచ్చినవాడిపై పాపం లేదని, అది తీసుకున్నవాడిదేనని పలువురు ధర్మవేత్తలు చెప్పారు. కాని ఇతరులకన్నా ముందు పని జరగాలని ఇచ్చేది నిర్బంధం కాదు, తొందర. అక్కడ వెనక్కి పోయేది ఇవ్వలేని పేదవాడి ఫైలు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం కూడా 2018 సవరణ తర్వాత ఇచ్చేవాడిని నేరస్తుడిగానే చూస్తోంది; బలవంతాన ఇచ్చినవాడు 7 రోజుల్లో ఫిర్యాదు చేస్తే మినహాయింపు ఉంది.

సోదర సోదరీమణులారా! జేబులో చెయ్యి పెట్టే ముందు అడుగుదాం: ఇది నిర్బంధమా, తొందరా? తీర్పుదినాన అల్లాహ్ సన్నిధిలో దానికి మరో పేరు పెట్టలేం.