ముందుగా చెప్పే మాట

రెజైనాలోని పాతకాపులకు 2017 మార్చి 22 గుర్తుండే ఉంటుంది. ఆరోజు బడ్జెట్‌లో, ఇక్కడే ప్రధాన కార్యాలయమున్న సస్కాచెవాన్ ట్రాన్స్‌పోర్టేషన్ కంపెనీని మూసేస్తున్నామని ప్రావిన్స్ ప్రభుత్వం ప్రకటించింది. 1946 నుంచి ఊరూరినీ కలిపిన బస్సులు మే 31తో ఆగిపోయాయి. 224 ఉద్యోగాలు పోయాయి. అదే బడ్జెట్‌లో మిగతా ప్రభుత్వ ఉద్యోగుల జీతభత్యాల ఖర్చు 3.5 శాతం తగ్గించాలన్నారు. అంటే ఉద్యోగం మిగిలినవాళ్లకూ గుండెల్లో రాయి పడింది.

సంస్థకు నష్టాలున్నాయన్నది నిజమే. కానీ నమ్మకం చెడేది నష్టాల వల్ల కాదు, కోతల సంగతిని చివరిదాకా దాచడం వల్లనే అని నేను గట్టిగా నమ్ముతాను. ఇక్కడి చట్టం ప్రకారం నాలుగు వారాల్లో పదిమందినో అంతకు మించో తీసేస్తే వాళ్లకు, యూనియన్‌కు, మంత్రికి ముందస్తు నోటీసు ఇవ్వాలి. మంచి చట్టమే. అయినా తీసేయగా మిగిలినవాళ్లు మర్నాడు ఎవరి మాట నమ్మి పనిచేయాలో ఏ నోటీసూ చెప్పదు.

ఇక్కడికొచ్చిన మన తెలుగువాళ్ల సంగతి మరీ కష్టం. ఒకే యజమానికి ముడిపడిన వర్క్ పర్మిట్ ఉన్నవారు ఉద్యోగం పోయిన మర్నాడే మరోచోట చేరలేరు. మేనేజర్లుగా ఉన్న శ్రోతలారా, తీసేసేవాళ్ల జాబితా తయారయ్యే రోజే అందులో ఉన్నవాళ్లను పిలిచి చెప్పండి.